రేపటికి కావలసిన నిన్నటి రొట్టె

మా వంటింటి గట్టు మీద ప్రస్తుతం ఒక బ్రెడ్డు రొట్టె ఎండుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. నిన్న సాయంత్రం కొన్నప్పుడు అది వెచ్చగా, మెత్తగా ఉంది, వాసనకే నోరూరింది. అప్పుడే తినేయడం ఎవరైనా చేస్తారు. రేపు రాత్రి నేను పంజనెల్లా అనే ఇటలీ సలాడ్ చేస్తున్నాను, దానికి పాతబడిన రొట్టె కావాలి. పాత రొట్టె ఎక్కడా అమ్మరు కాబట్టి కొత్తది కొని, ముక్కలు చేసి, పాతబడే దాకా కాపలా కాస్తున్నాను. వంటకం పేరు కింద ‘అతి సులభం’ అని రాసి ఉంది.

ఈ విషయం మీద కొంతకాలంగా లోతుగా ఆలోచిస్తున్నాను. ప్రపంచ వంటకాలను ఇంట్లోనే సులువుగా చేసుకోవడం మన కాలపు గొప్ప ఉద్యమం. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. సోమవారం మెక్సికో, మంగళవారం కొరియా, బుధవారం లెబనాన్, గురువారం కడుపులో కొంచెం తేడా. ఇంత పెద్ద ఉద్యమం ‘సులభం’ అనే ఒక్క మాట మీద నిలబడి ఉంటే, ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటిదాకా ఎవరూ తేల్చకపోవడం శోచనీయం. ఎవరో ఒకరు పూనుకోవాలి కదా అని నేను పూనుకున్నాను.

ముందు వ్యాకరణం. సులభ వంటకంలో శ్రమ ఎక్కడుందో తెలియాలంటే తయారుచేసే విధానం చదవకూడదు, కావలసిన పదార్థాల జాబితా చదవాలి. ‘సన్నగా తరిగిన ఉల్లిపాయలు నాలుగు’. ‘నానబెట్టి, ఉడికించి, పొట్టు తీసిన కాబూలీ శనగలు రెండు కప్పులు’. ‘వేయించి మెత్తగా నూరిన నువ్వుల ముద్ద’. ఎవరు తరిగారు? ఎవరు నూరారు? జాబితా చెప్పదు. చిన్నప్పుడు బళ్లో క్రియాజన్య విశేషణం అని ఒకటి నేర్పితే, ఇది జీవితంలో ఎందుకు పనికొస్తుందా అనుకునేవాణ్ణి. ప్రపంచంలోని వంటచాకిరీ అంతా అందులోనే దాక్కుందని ఈ వయసులో తెలిసింది. ఆ విశేషణాలన్నీ మనం పూర్తిచేశాక అప్పుడు గడియారం మొదలవుతుంది: ‘తయారీ సమయం 15 నిమిషాలు’.

శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బే హమ్మస్‌నే తీసుకోండి. అన్నీ మిక్సీలో వేసి తిప్పడమే అంటారు. అది అబద్ధం కాదు, చివరి ఘట్టం మాత్రమే. శనగలు రాత్రంతా నానాలి. గంటకు పైగా ఉడకాలి. బాగా మెత్తబడాలంటే ఉడికేటప్పుడు చిటికెడు వంటసోడా పడాలి. మరీ నున్నగా కావాలంటే ఒక్కొక్క గింజ పొట్టూ తీయాలి. నేను తీశాను. రెండు కప్పుల శనగలు ఒలిచేసరికి మనిషికి తన జీవితంలో తీసుకున్న ముఖ్యమైన నిర్ణయాలన్నిటినీ మరోసారి తిరగేసుకునేంత తీరిక దొరుకుతుంది. 2010 మే నెలలో లెబనాన్ వంటవాళ్లు 10,452 కిలోల హమ్మస్ చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. వాళ్ల దేశ వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు, అందుకని సరిగ్గా అన్ని కిలోలు. అదే ఏడాది జనవరిలో ఇజ్రాయెల్ నాలుగు టన్నులు దాటించినందుకు ఇది జవాబు. ఆ శనగలన్నిటికీ పొట్టు ఎవరు తీశారన్నది మాత్రం రెండు దేశాలూ బయటపెట్టలేదు.

హమ్మస్ వచ్చేసిందన్న ధైర్యంతో, మిగిలిన ఉడికిన శనగలు రుబ్బి ఫలాఫెల్ అనే శనగవడలు వేశాను. ఫలాఫెల్‌కు నానబెట్టిన పచ్చి శనగలే రుబ్బాలట, ఉడికించకూడదట. ఉడికినవాటికి పట్టు ఉండదు, నూనెలో పడగానే విడిపోతాయి. అదే గింజ, అదే ప్రాంతం, రెండు వేర్వేరు చట్టాలు. మూకుట్లో మిగిలినదాన్ని మా ఇంట్లో ఏమీ అనకుండా జల్లిగంటెతో తీసి పక్కన పెట్టారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఉల్లిపాయ విషయంలో జరుగుతున్నది ఇంకా ఘోరం. ఫ్రెంచి ఉల్లిపాయ సూప్ కోసం ఉల్లిపాయలు ముదురు బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి, 5 నిమిషాలు అని రాస్తారు. 5 నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంతే. దానిలోని నీరంతా ఆవిరై, చక్కెరలు రంగు తిరగాలంటే సన్నటి సెగ మీద ముప్పావు గంట పడుతుంది. ఇందులో వంటవాడి ప్రతిభ ఏమీ లేదు, అది ఉల్లిపాయ స్వభావం. మరి మధ్యలో ఆ 40 నిమిషాలు ఎవరు మాయం చేశారు? చిన్న చిన్న విషయాలకే విచారణ సంఘాలు వేస్తున్న రోజుల్లో దీని మీద ఒక్క సంఘం కూడా లేదు.

సరే, రొట్టె దగ్గరికి వద్దాం. ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన విషయం అదే.

పాలు, గుడ్డు కలిపి అందులో రొట్టె ముంచి కాల్చేదాన్ని ఫ్రెంచివాళ్లు పాఁ పెర్దూ అంటారు, అంటే పోయిన రొట్టె. ఇటలీలో టస్కనీ వాళ్ల రిబొల్లీతా సూప్ పేరుకు మళ్లీ మరగబెట్టినది అని అర్థం. మొన్నటి కూరగాయల సూప్‌లో నిన్నటి రొట్టె వేసి ఇవాళ మళ్లీ పొయ్యెక్కిస్తారన్నమాట. మెక్సికోలో చిలకీలెస్‌కు ఎండిపోయిన టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు కావాలి. స్పెయిన్ మీగాస్‌కు గట్టిపడిన రొట్టె పొడి. లెబనాన్, సిరియాల ఫత్తూష్ సలాడ్‌కు పాతబడిన పీటా రొట్టె ముక్కలు. చైనా ఫ్రైడ్ రైస్‌కు చద్దన్నం. ఏ దేశపు సులువైన వంట తలుపు తట్టినా లోపల నిన్నటి మిగులే కూర్చుని ఉంది. వీటిని మొదట చేసినవాళ్లెవరూ ఇవాళ ఏదైనా కొత్తగా ప్రయత్నిద్దాం అనుకోలేదు. రొట్టె పారేయడానికి మనసొప్పలేదు, ఇంట్లో ఇంకేమీ లేదు, పిల్లలు ఏడుస్తున్నారు. కూటి కోసం కోటి విద్యలు అన్నారు పెద్దలు. మనం ఇప్పుడు ఆ విద్య కోసం కూడు కొని ఎండబెడుతున్నాం.

మా ఇంట్లో అన్నం మిగలదు. అది మంచి విషయమేనని ఫ్రైడ్ రైస్ మొదలుపెట్టే దాకా అనుకున్నాను. చద్దన్నం లేకపోతే ఫ్రైడ్ రైస్ లేదు, వేడన్నంతో చేస్తే ముద్దయిపోతుంది. కాబట్టి ముందురోజు రాత్రి ప్రత్యేకంగా మిగల్చడానికని అన్నం వండాను. అందరూ పళ్లేలు పెట్టుకుని వచ్చారు. ‘ఇది ఇవాళ్టి అన్నం కాదు, రేపటికి నిన్నటిది’ అని వివరించాను. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, అయినా ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

దీని వెనక శాస్త్రం ఉంది, అది చెబితే వాళ్లు వినలేదు. ఉడికినప్పుడు చెదిరిపోయిన పిండిపదార్థపు అణువులు చల్లారాక మళ్లీ వరుసకట్టి గట్టిపడతాయి. అందుకే చద్దన్నం మెతుకు మెతుకుగా విడివడుతుంది. రొట్టె పాతబడటం కూడా ఎక్కువగా ఇదే, నీరు ఎండిపోవడం ఒక్కటే కాదు. ఫ్రిజ్‌లో పెడితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. రొట్టెను తాజాగా ఉంచుదామని ఫ్రిజ్‌లో దాచేవాళ్లు తమకు తెలియకుండానే నా పని చేసిపెడుతున్నారు. అన్నం సంగతి వేరు, దాన్ని రాత్రంతా బయట వదిలేయకూడదు. వండినా చావని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చు. అవి గది వేడిలో పెరిగి వదిలే విషం మళ్లీ వేయించినా పోదు. పళ్లెంలో పలచగా పరిచి, తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అంటే నిర్లక్ష్యంగా మిగిలిపోవాల్సిన అన్నాన్ని ఎంతో శ్రద్ధగా మిగల్చాలి.

ఇంత కష్టపడి చేశాక కూడా అది అసలు సిసలైనదా కాదా అని తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. ఇటలీలోని బొలోన్యా నగరంలో మాంసపు సాస్ రాగూ ఎలా చేయాలో 1982 అక్టోబర్ 17న వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేశారు. 2023లో దాన్ని రాజ్యాంగంలా సవరించారు కూడా. దానితో తినే తాల్యతెల్లె పాస్తా వెడల్పు 1972లోనే నమోదైంది. ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలి. ఎందుకు 8? ఆ ఊళ్లోని అసినెల్లి బురుజు ఎత్తులో అది 12,270వ వంతు. బంగారంతో చేసిన నమూనా కూడా ఉంది. నేను వెక్కిరించడం లేదు. ఆకలేసినప్పుడు బురుజు వైపు చూసి భాగహారం చేయగలిగిన నాగరికతకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కార్బొనారా అనే పాస్తాలో క్రీమ్ వేశానని ఒకసారి నలుగురిలో నోరు జారాను. గ్వాంచాలే అనే పంది దవడ మాంసం, పెకొరీనో చీజ్, గుడ్డు, మిరియాలు తప్ప ఇంకేది వేసినా అది మహాపరాధమని అప్పుడు తెలిసింది. ఎంత ప్రాచీనమైన నియమమో కదా అని వెతికితే, 1954లో ఇటలీలోనే ఒక వంటల పత్రికలో అచ్చయిన కార్బొనారాలో వెల్లుల్లి ఉంది, గ్రుయేర్ చీజ్ ఉంది. గ్రుయేర్ స్విట్జర్లాండ్‌ది. సనాతన ధర్మం నా మేనమామ కంటే చిన్నదన్నమాట. ఆ ధైర్యంతో క్రీమ్ మానేసి శాస్త్రోక్తంగా చేశాను. గుడ్డు 70 డిగ్రీల దగ్గర్లో గడ్డకడుతుందని, గిన్నె పొయ్యి మీంచి దించాకే కలపాలని ఆలస్యంగా చదివాను. వచ్చింది గుడ్డు పొరటు, మధ్యలో నూడుల్స్.

పిజ్జా గురించి ఎక్కువ చెప్పను. నేపుల్స్ పద్ధతిలో అది దాదాపు 450 డిగ్రీల కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. నా ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది, అక్కడికే దాని ఫ్యాను మూలుగుతుంది.

ఈ మొత్తం చరిత్రలో ‘సులభం’ అనే మాటను నిజాయితీగా వాడదగిన మనిషి నాకు ఒక్కడే దొరికాడు. 1940ల్లో మెక్సికో సరిహద్దు ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో ఇగ్నాసియో అనాయా ఒక రెస్టారెంటులో పనిచేసేవాడు. సరిహద్దు అవతలి నుంచి కొందరు అమెరికన్ ఆడవాళ్లు ఆకలితో వచ్చారు, వంటవాడు కనబడలేదు. అనాయా వంటింట్లోకి వెళ్లి, వేయించిన టోర్టియా ముక్కల మీద చీజ్ చల్లి, వేడిచేసి, పైన హలపేన్యో మిరపకాయ ముక్కలు పెట్టి తెచ్చాడు. ఇగ్నాసియోకు ముద్దుపేరు నాచో, వంటకానికీ అదే పేరు స్థిరపడింది. ఆయన ఏ బురుజునూ కొలవలేదు. అయినా నాచోస్ కోసం ఇప్పుడు నా దగ్గర ఉన్న విధానంలో 19 పదార్థాలున్నాయి, అందులో ఒకటి ముందురోజే ఊరబెట్టాలి.

ఇలాంటి జాబితాల వల్ల మా ఫ్రిజ్ తలుపు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలా తయారైంది. కొరియా మిరప ముద్ద గోచుజాంగ్, వియత్నాం చేపల సాస్, జపాన్ బియ్యం వెనిగర్, నువ్వుల ముద్ద తహీనీ, ఉప్పునీటిలో ఊరిన కేపర్ మొగ్గలు. ప్రతి వంటకానికీ చెంచాడు కావాలి, ప్రతి సీసాలోనూ యాభై చెంచాలుంటాయి. మిగిలిన నలభై తొమ్మిదీ తీర్మానం ఏదీ చేయకుండా పక్కపక్కనే కూర్చుని ఉంటాయి.

ఇక్కడిదాకా రాసేసరికి రాత్రి పదకొండయింది, విపరీతంగా ఆకలేసింది. వండిందేమీ లేదు. కాపలా కాస్తున్న రొట్టెలోంచి రెండు ముక్కలు తీసి పెనం మీద కాల్చాను. ఒకదానికి తహీనీ, రెండోదానికి గోచుజాంగ్ రాసి, మధ్యలో ఒక గుడ్డు వేయించి పెట్టి, గట్టు దగ్గరే నిలబడి కొరకబోతుంటే మా ఆవిడ నిద్రలేచి వచ్చింది.

‘బావుందే వాసన. ఏ దేశానిదండీ ఇది?’ అంది.

ఏ దేశానిదో చెప్పాలంటే ముందు నమోదు కావాలని, నమోదుకు వెడల్పు కావాలని చెప్పి, పిల్లల జామెట్రీ బాక్సులోంచి స్కేలు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కొలవడానికి ఏమీ మిగల్లేదు.