నీళ్లు ముందే ఖర్చవుతాయి, సుంకం తర్వాత వస్తుంది

2018 ఏప్రిల్ మొదట్లో అమెరికా బాదంపై చైనా 15 శాతం అదనపు సుంకం వేసింది. అప్పటికి కాలిఫోర్నియా తోటల్లో పూత రాలిపోయి పిందె నిలిచింది, ఆ ఏడాది తడులు మొదలయ్యాయి. జులైలో మరో 25 శాతం వేశారు. అంతకుముందు 10 శాతం ఉన్న సుంకం మూడు నెలల్లో 50కి చేరింది. ఆగస్టులో చెట్లు దులిపి కాయ రాల్చే వేళకు తోట తాగాల్సిన నీళ్లు చాలావరకు తాగేసింది. ఒక ఎకరం బాదం తోటకు ఏడాదికి మూడు నుంచి నాలుగు అడుగుల నీరు కావాలి. ఎకరం నేల మీద నడుము లోతున నీళ్లు నిలబెట్టినంత అన్నమాట. కొనేవాడు మొహం తిప్పుకున్నా ఆ నీళ్లు తిరిగి భూమిలోకి రావు.

ఈ గొడవ మొదలైంది బాదం దగ్గర కాదు. అమెరికా తన దేశానికి వచ్చే ఉక్కు, అల్యూమినియం మీద సుంకాలు వేసింది. దానికి జవాబుగా చైనా బాదం, పండ్లు, పంది మాంసం లాంటి వాటి మీద వేసింది. 2019 జూన్‌లో భారత్ కూడా అదే ఉక్కు గొడవకు ప్రతీకారంగా అమెరికా బాదంపై కిలోకు 20 రూపాయలు అదనంగా వేసి, 2023 సెప్టెంబర్‌లో గానీ తీసేయలేదు. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు కాలిఫోర్నియాదే. అందులో ఎక్కువ భాగం ఎగుమతి అవుతుంది. దెబ్బ ఎక్కడ వేస్తే అవతలి ప్రభుత్వానికి గట్టిగా తగులుతుందో చూసి ప్రతీకార సుంకాల జాబితా రాస్తారు. ఆ పంట ఏ నీటితో పండుతోందన్న ఆలోచన ఆ జాబితా రాసేటప్పుడు ఎవరికీ రాదు.

నాకు అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. సుంకం గురించి మనం ధర, డాలరు, ఓటు అనే భాషలోనే మాట్లాడుకుంటున్నాం. ఎక్కువ నీళ్లు తాగే ఎగుమతి పంట వేసిన రైతుకు సుంకం అంటే ముందు నీటి సమస్య, ఆ తర్వాతే ధర సమస్య. అతను పెట్టుబడిగా పెట్టింది డబ్బు ఒక్కటే కాదు, తిరిగి నిండుతుందో లేదో తెలియని భూగర్భ జలం కూడా. డబ్బు నష్టానికి పరిహారం అనే మాట ఉంది. నీటి నష్టానికి అలాంటి లెక్క ఏ వాణిజ్య ఒప్పందంలోనూ కనిపించదు.

సుంకం పెరిగితే ధర పడుతుంది, ధర పడితే సాగు తగ్గుతుంది, సాగు తగ్గితే నీళ్లు మిగులుతాయి అని కొందరు వాదిస్తారు. పర్యావరణం మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లలో కూడా ఈ మాట విన్నాను. కాగితం మీద బాగానే ఉంటుంది. కాలిఫోర్నియాలో జరిగింది వేరు. 2014లో బాదం ధర పౌండుకు 4 డాలర్ల దగ్గర ఉండేది. 2020 పంటకు 2 డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ పతనానికి సుంకం ఒక్కటే కారణం కాదు, రికార్డు పంట, కరోనా కాలంలో రవాణా చిక్కులు కూడా తోడయ్యాయి. కానీ కాపుకొచ్చిన తోటల విస్తీర్ణం చూడండి. 2018లో సుమారు 11 లక్షల ఎకరాలు ఉన్నది 2021 నాటికి 13 లక్షలు దాటింది. ధర తగ్గుతూ ఉండగా నీళ్లు తాగే నేల పెరిగింది.

కారణం చెట్టులోనే ఉంది. బాదం మొక్క నాటిన మూడో ఏట కాపు మొదలెట్టి దాదాపు పాతికేళ్లు నిలుస్తుంది. 2014 ధర చూసి నాటిన మొక్కలు సుంకం వచ్చిన ఏడాదికి కాపుకొచ్చాయి. వాటి మీద బ్యాంకు అప్పు ఉంది. నీళ్లు ఆపితే ఆ ఏడాది పంటతో పాటు చెట్టే పోతుంది, చెట్టు పోతే అప్పుకు హామీగా పెట్టిన తోట విలువ పోతుంది. కాబట్టి ధర పడినప్పుడు రైతు మోటారు ఆపడు. పౌండుకు వచ్చేది తగ్గింది కాబట్టి ఇంకో నాలుగు పౌండ్లు ఎక్కువ తీయాలని చూస్తాడు. అతన్ని అత్యాశపరుడు అనడం అన్యాయం. అప్పు వాయిదా ముందు నిలబడ్డ ఎవరైనా అదే చేస్తారు.

ఈ ఒత్తిడి రైతులందరి మీదా ఒకేలా పడదు. వేల ఎకరాలున్న పెట్టుబడి సంస్థ రెండేళ్లు నష్టం భరించి, బోరు ఇంకా లోతుకు దింపి, సరుకు గోదాముల్లో పెట్టుకుని కూర్చోగలదు. కాలువ నీరు అందక బోరు మీదే బతికే చిన్న రైతు కూర్చోలేడు. పక్క తోటలో లోతైన బోరు పడితే ముందు ఎండేది అతని బోరే. 2021, 2022 కరువులో కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో వందల ఇళ్ల బావులు ఎండిపోయాయి. బాదంతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు తాగునీటికి ట్యాంకర్ల కోసం ఎదురుచూశాయి. దానికి సుంకమే కారణం అని నేను అనను, కరువే ప్రధాన కారణం. అయితే ధర పడిపోయిన రైతుకు కరువు ఏడాదిలో మోటారు ఆపుకునే వెసులుబాటు ఉండదు. సుంకం తీసేసుకున్నది ఆ వెసులుబాటునే.

చైనా బాదం తినడం మానిందా? లేదు. ఆస్ట్రేలియా నుంచి కొంది. రెండు దేశాల మధ్య ఉన్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం 2019 జనవరి నుంచి ఆస్ట్రేలియా బాదంపై సుంకం సున్నా. ఆస్ట్రేలియా బాదం తోటలు ఎక్కువగా ముర్రే నది వెంబడి ఉన్నాయి. అక్కడ తోటలు అంతకుముందే విస్తరిస్తున్నాయి, చైనా తలుపు తెరవడంతో గిరాకీ మరింత గట్టిపడింది. ముర్రే-డార్లింగ్ పరీవాహక ప్రాంతం అప్పుడు తీవ్రమైన కరువులో ఉంది. తోటల పెరుగుదలను నది తట్టుకోలేదన్న ఆందోళనతో 2019లో అక్కడి విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ముర్రే దిగువన కొత్త నీటి వాడకం లైసెన్సులపై కట్టడి పెట్టాల్సి వచ్చింది. సముద్రానికి ఒక ఒడ్డున వేసిన సుంకం నీటిని ఆదా చేయలేదు. నీటి భారాన్ని ఇంకో ఎండిన నదికి మార్చింది.

పంటతో పాటు నీరు కూడా దేశం దాటుతుందన్న ఆలోచనకు టోనీ అలన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ‘వర్చువల్ వాటర్’ అని పేరు పెట్టారు. దానికే ఆయనకు 2008లో స్టాక్‌హోం వాటర్ ప్రైజ్ వచ్చింది. మనుషులు నదుల నుంచి, భూమి నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతుంది. అలాంటప్పుడు పంటల వ్యాపారం నియమాలు మారడమంటే నీటి పారుదల దారి మారడమే. ఇంత పెద్ద సంగతి వాణిజ్య మంత్రుల సమావేశాల్లో చర్చకు రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సుంకం అనగానే అవతలి దేశం వేసేదే గుర్తొస్తుంది. సొంత ప్రభుత్వం వేసే ఎగుమతి సుంకం రైతుకు అంతే గట్టిగా తగులుతుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం వాటా ఉన్న భారత్ 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపేసి, కొన్ని రకాల బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. ఇంటి వినియోగదారుడికి ధర అదుపులో ఉండాలన్నది ఉద్దేశం, అందులో తప్పు లేదు. కానీ ఎగుమతిదారు ఆ 20 శాతాన్ని తన జేబులోంచి కట్టడు. మిల్లుకు ఇచ్చే ధరలో తగ్గిస్తాడు, మిల్లు రైతుకు ఇచ్చే ధరలో తగ్గిస్తుంది.

నీళ్లయినా మిగిలాయా అంటే, అదీ లేదు. 2023-24లో దేశంలో బియ్యం ఉత్పత్తి 13.7 కోట్ల టన్నులు దాటి రికార్డు సృష్టించింది. పంజాబ్‌లో రైతు వరి వేయడానికి కారణం విదేశీ ధర కాదు, ప్రభుత్వం మద్దతు ధరకు కొంటుందన్న నమ్మకం, మోటారుకు ఉచితంగా వచ్చే కరెంటు. ఈ రెండూ అలాగే ఉన్నంత కాలం ఓడరేవు దగ్గర ఎంత సుంకం వేసినా బోరు మోటారుకు వినపడదు. చివరికి గోదాముల్లో ధాన్యం పేరుకుపోయింది, 2024 సెప్టెంబర్ తర్వాత ఆంక్షలు ఒక్కొక్కటే ఎత్తేశారు. నీళ్లు తోడారు, బియ్యం దేశంలోనే ఉంది, రైతు మాత్రం రెండేళ్ల పాటు మంచి ధర చేజార్చుకున్నాడు.

అదే సమయంలో థాయిలాండ్ రైతు ఇంకో రకం ఇరకాటంలో పడ్డాడు. భారత్ తప్పుకోవడంతో బియ్యం ధర చాలా ఏళ్లలో లేనంత పెరిగింది. వరి వేయమని మార్కెట్ పిలిచింది. కానీ అది ఎల్‌నినో ఏడాది. వానలు తక్కువ పడుతున్నాయి, నీళ్లు తక్కువ పట్టే పంటలకు మారండి అని ఆ దేశపు జల వనరుల శాఖ 2023 ఆగస్టులో రైతులను కోరింది. ఏళ్ల తరబడి అప్పుల్లో ఉన్న రైతు ఎదురుగా జీవితంలో అరుదుగా వచ్చే ధర ఉన్నప్పుడు అతను ఎవరి మాట వినాలి? వేరే దేశ రాజధానిలో ఒక రాత్రి తీసుకున్న నిర్ణయం ఇక్కడి చెరువు మీద పందెం కాయమని అడుగుతోంది.

సుంకాలు తీసేస్తే సమస్య తీరుతుందా అంటే, పెరూ కథ అలా చెప్పదు. 1991లో అమెరికా ఆండీస్ దేశాల సరుకుకు సుంకం లేకుండా దారి తెరిచే చట్టం చేసింది. కొకైన్‌కు ముడిసరుకైన కోకా సాగు మాన్పించడం లక్ష్యం. కోకా పండేది ఆండీస్ తూర్పు వాలుల్లో. సుంకం లేని ఆ దారిలో ఎగుమతికి పెరిగిన ఆస్పరాగస్ అనే కూరగాయ పండింది పెరూ పసిఫిక్ తీరపు ఎడారిలో. ఆ ఎడారిలోని ఇకా లోయలో ఏడాదికి కురిసే వాన కొద్ది మిల్లీమీటర్లే. అక్కడ ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఎగుమతి తోటలు వెలిశాయి, ఎక్కువగా భూగర్భ జలం మీదే. వేల మందికి పనులు దొరికాయి, ఆ మేలును కాదనలేం. కానీ నీటి మట్టం ఏటా దిగిపోయింది. పెద్ద ఎస్టేట్లు బోర్లు లోతుకు దింపుకున్నాయి, చుట్టుపక్కల చిన్న రైతుల బావులు ఎండాయి. అటు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఆస్పరాగస్ సాగు బాగా పడిపోయింది. అంటే సున్నా సుంకం కూడా నీటిని లాగుతుంది, పైగా నీళ్లు లేని చోటి నుంచి లాగుతుంది.

పంటలో ఉన్న నీటిని బట్టి సరిహద్దులో సుంకం వేయాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వానకు, కాలువకు పండిన కిలో బియ్యం, వందల అడుగుల బోరు నీటితో పండిన కిలో బియ్యం కస్టమ్స్ కోడ్‌లో ఒక్కటే. వాటిని ఓడరేవులో వేరు చేయలేరు. చివరికి ఆ సుంకం పేద దేశాల రైతుల మీద ఇంకో బరువుగా మిగులుతుంది. ఉన్న సుంకాల్లోనే సరిచేయాల్సిన వంకర చాలా ఉంది. పొట్టు మాత్రమే తీసిన బాస్మతిని యూరప్ సుంకం లేకుండా రానిస్తుంది, పాలిష్ పట్టి తెస్తే మాత్రం టన్నుకు వంద యూరోలకు పైగా కట్టమంటుంది. నీళ్లు ఖర్చు పెట్టే పని ఇక్కడ చేయండి, విలువ పెంచే పని మేం చేసుకుంటాం అన్నట్టుంది ఈ పద్ధతి.

పరిహారం సంగతికి వద్దాం. 2018 మధ్య నుంచి 2019 చివరి వరకు ప్రతీకార సుంకాల వల్ల అమెరికా వ్యవసాయ ఎగుమతుల నష్టం 2,700 కోట్ల డాలర్లు దాటిందని ఆ దేశ వ్యవసాయ శాఖ పరిశోధకులే లెక్క తేల్చారు. రైతులకు సాయం అందింది. 2018లో బాదానికి పౌండుకు 3 సెంట్లు ఇచ్చారు. ఎంత ఎక్కువ పండిస్తే అంత ఎక్కువ వస్తుంది. 2019లో పద్ధతి మార్చి, బాదం లాంటి తోటలకు ఎకరానికి 146 డాలర్లు ఇచ్చారు. చెట్లు నిలబడి ఉన్న ఎకరానికే ఆ డబ్బు. నీళ్లు చాలవని ముసలి తోట కొట్టేసి నేలను ఖాళీగా ఉంచిన రైతుకు దానిపై ఏమీ రాదు. కాలిఫోర్నియా 2014లో చేసిన భూగర్భ జల చట్టం అమలు కావాలంటే 2040 నాటికి శాన్ వాకీన్ లోయలో కనీసం 5 లక్షల ఎకరాల సాగు ఆగాలని నిపుణుల అంచనా. ఒక ప్రభుత్వం తోట కొట్టేయమంటోంది, ఇంకో ప్రభుత్వం అప్పుడు చెట్లు ఉంచితేనే డబ్బిస్తానంది. రైతుకు టెన్షన్ ఉండదా మరి?

సుంకం నష్టానికి ఇచ్చే సాయాన్ని పండిన పౌండుకు కాకుండా తోడకుండా వదిలిన నీటికి కట్టాలి. మీటర్లున్న చోట ఇది వెంటనే చేయొచ్చు, లేని చోట మీటర్లు పెట్టడానికే ఆ డబ్బులో మొదటి వాటా వాడొచ్చు. సాయం ముందు బోరు ఒక్కటే ఆధారమైన చిన్న రైతుకు అందాలి, లోతుకు తవ్వుకోగల పెద్ద సంస్థకు కాదు. ఇంకొకటి గడువు. 2014 అక్టోబర్‌లో ఒప్పందం సంతకం ఆలస్యమైందని యూరప్ కెన్యా పూల మీద దాదాపు మూడు నెలల పాటు సుంకం వేసింది. అక్కడి నైవాషా సరస్సు నీళ్లతో పెరిగిన గులాబీ మూడు నెలలు ఆగదు, మూడు రోజులు కూడా ఆగడం కష్టం. పంటల మీద సుంకం మార్చే ఏ దేశమైనా విత్తనం నేలలో పడకముందే, తోటలకైతే ఆ ఏడాది తొలి తడికి ముందే చెప్పాలని వాణిజ్య ఒప్పందాల్లో రాయించుకోవచ్చు. ఉక్కు గొడవ ఎన్నాళ్లు సాగినా ఫర్వాలేదు. మోటారు స్విచ్ మీద చెయ్యి వేసే రోజున ఈ పంట ఏ ధరకు పోతుందో రైతుకు తెలిస్తే, వేయాలో వద్దో, ఎంత తోడాలో అతనే తేల్చుకుంటాడు.