వరసగా 13 టైటిళ్లు కొట్టిన బేట్ బోరిసోవ్ పడిపోయింది ఆంక్షల వల్లేనా?

బెలారస్ ఫుట్‌బాల్ అనగానే మనలో చాలామందికి 2020 లాక్‌డౌనే గుర్తొస్తుంది. ప్రీమియర్ లీగ్ ఆగిపోయింది, లా లిగా ఆగిపోయింది, ఐపీఎల్ ఉంటుందో ఉండదో తెలీదు, అందరం పాత మ్యాచుల రిపీట్లు చూసుకుంటున్న టైంలో యూరప్‌లో ఆగకుండా నడిచిన లీగ్ అదొక్కటే, దాంతో ఎన్నడూ లేనిది వాళ్ల మ్యాచులకి బయట గిరాకీ వచ్చింది, ఇండియాతో సహా ఓ పది దేశాలకి టీవీ రైట్స్ కూడా అమ్ముకున్నారు. ఆ సీజన్ మొదటి రౌండ్‌లోనే ఎనర్గెటిక్-బీజీయూ అనే రాజధాని మిన్స్క్ టీం చేతిలో బేట్ బోరిసోవ్ 3-1తో ఓడింది. టైంపాస్‌కి కొత్తగా చూసేవాళ్లకి అది మామూలు మ్యాచే. కానీ ఆ ఓడిన టీం 2006 నుంచి 2018 దాకా వరసగా 13 సార్లు లీగ్ కొట్టిన టీం అని, ఏడాది కిందటే ఆర్సెనల్‌ని ఓడించిన టీం అని తెలిస్తే అప్పుడు కొంచెం నిటారుగా కూర్చుని చూసేవాళ్లేమో.

ఇప్పుడు బేట్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే వినిపిస్తుంది, ఉక్రెయిన్ యుద్ధం, అందులో రష్యాకి సాయం చేసిందని 2022లో యూరప్ ఫుట్‌బాల్ నడిపే సంస్థ యూఈఎఫ్ఏ బెలారస్ మీద పెట్టిన ఆంక్షలు, అందుకే క్లబ్ దెబ్బతింది అని. నేను దీంతో పూర్తిగా ఒప్పుకోను. ఆంక్షలు దెబ్బ కొట్టిన మాట నిజమే గానీ అప్పటికే క్లబ్ కింద పడి ఉంది, ఆంక్షలు వచ్చి లేవకుండా చేశాయి అంతే. అసలు కథ అంతకుముందే మొదలైంది, అది అర్థం కావాలంటే ఈ టీం ఎలా పైకొచ్చిందో చూడాలి.

బోరిసోవ్ అనేది మిన్స్క్‌కి ఈశాన్యంగా ఓ 70 కిలోమీటర్ల దూరంలో బెరెజినా నది పక్కనున్న ఊరు. 1812లో రష్యా నుంచి వెనక్కి పారిపోతూ నెపోలియన్ సైన్యం ఆ నది దాటడానికి నానా తిప్పలు పడింది ఈ ఊరి దగ్గర్లోనే, హిస్టరీ పుస్తకాల్లో ఊరి పేరు అలా ఉండిపోయింది. ఇక్కడ ట్రాక్టర్లకి, బండ్లకి స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది, బేట్ అంటే ఆ ఫ్యాక్టరీ పేరే. 1973లో ఫ్యాక్టరీ టీంగా మొదలై సోవియట్ టైంలో బెలారస్ రిపబ్లిక్ చాంపియన్‌షిప్ మూడు సార్లు (1974, 1976, 1979) గెలిచి తర్వాత మూతపడింది. 1996లో అనతోలీ కాప్‌స్కీ దాన్ని మళ్లీ లేపాడు. ఫ్యాక్టరీని నడిపిందీ ఆయనే, క్లబ్‌ని నడిపిందీ ఆయనే. 1996లో మూడో డివిజన్, 1997లో రెండో డివిజన్, 1998లో టాప్ లీగ్‌లోకి వచ్చిన ఫస్ట్ ఇయరే సెకండ్ ప్లేస్, 1999లో చాంపియన్. నాలుగేళ్లలో అట్టడుగు నుంచి కప్పు దాకా! కోచ్ యూరీ పుంటుస్. ఆ టీంలోనే అలెగ్జాండర్ హ్లెబ్ అనే కుర్రాడు ఉండేవాడు, 2000లో స్టుట్‌గార్ట్ వాళ్లు తీసుకెళ్లారు, అక్కణ్నుంచి ఆర్సెనల్, తర్వాత బార్సిలోనా. 2001లో విటాలీ కుటుజోవ్‌ని ఏసీ మిలాన్ కొన్నది. అంటే కుర్రాళ్లని పట్టుకోవడం, ఆడించడం, మంచి రేటుకి అమ్మడం అనే పని మొదట్నుంచీ వీళ్లకి బాగా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2008 దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే నా లెక్కలో ఈ క్లబ్ చేసిన అతిపెద్ద పని అదే, తర్వాత జర్మనీ టీం బాయర్న్‌ని ఓడించడం కాదు. అప్పటికి యూరప్‌లోని టాప్ క్లబ్బులు ఆడే చాంపియన్స్ లీగ్ క్వాలిఫైయింగ్‌లో చిన్న దేశాల చాంపియన్లకి వేరే రూట్ లేదు, ఎవరు తగిలితే వాళ్లతో ఆడాల్సిందే. బేట్‌కి బెల్జియం నుంచి ఆండర్‌లెక్ట్ తగిలింది, వాళ్ల గ్రౌండ్‌లోనే 2-1తో కొట్టి ఇంట్లో 2-2 డ్రా చేసుకుంది, తర్వాత బల్గేరియా టీం లెవ్‌స్కీని కూడా దాటేసింది. గ్రూప్ స్టేజ్‌కి వెళ్లిన మొట్టమొదటి బెలారస్ క్లబ్. కోచ్ విక్టర్ గొంచరెంకో వయసు 31, గాయం వల్ల పాతికేళ్లకే ఆట మానేసిన డిఫెండర్ అతను, అప్పటిదాకా చాంపియన్స్ లీగ్ గ్రూపుల్లో అంత చిన్న వయసు కోచ్ లేడు. గ్రూప్ చూస్తే రియల్ మాడ్రిడ్, యువెంటస్, అప్పుడే యూఈఎఫ్ఏ కప్ గెలిచి ఊపు మీదున్న రష్యా టీం జెనిట్. అందరూ ఆరుకి ఆరు ఓడిపోతారనుకున్నారు. మిన్స్క్‌లో యువెంటస్ మీద 2-0 లీడ్‌లోకి వెళ్లి చివరికి 2-2, టూరిన్‌లో వాళ్లతోనే 0-0, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జెనిట్‌తో 1-1. మూడు పాయింట్లే, గ్రూప్‌లో లాస్టే, కానీ ఒక్క మ్యాచ్‌లో కూడా చిత్తుగా ఓడిపోలేదు.

ఆ తర్వాత సీజన్ నుంచి యూఈఎఫ్ఏ రూల్స్ మార్చి చాంపియన్లకి విడిగా ఒక క్వాలిఫైయింగ్ రూట్ పెట్టింది, అంటే చిన్న లీగుల చాంపియన్లు వాళ్లలో వాళ్లే ఆడుకుని పైకి వస్తారు, ఇంగ్లండ్ నాలుగో టీమో స్పెయిన్ నాలుగో టీమో మధ్యలో అడ్డం రాదు. బేట్‌కి ఇది వరంలా కలిసొచ్చింది. ఆ రూట్‌లో వీళ్లు దాటిన టీములు చూడండి: 2011లో లిన్‌ఫీల్డ్, ఎక్రానస్, స్టుర్మ్ గ్రాజ్, 2012లో వర్దార్, డెబ్రెత్సెన్, కిర్యాత్ ష్మోనా, 2014లో స్కెండర్‌బెవు, మళ్లీ డెబ్రెత్సెన్, స్లోవాన్ బ్రాటిస్లావా, 2015లో డన్‌డాక్, విడియోటన్, పార్టిజాన్. ఈ పేర్లు చూస్తే ఆండర్‌లెక్ట్ స్థాయి ఒక్కటి కూడా లేదు. తప్పేం లేదు, రూల్ ఉంది, వాడుకున్నారు. కానీ ఒకసారి గ్రూప్ స్టేజ్‌కి వెళ్తే వచ్చే డబ్బు బెలారస్‌లో మిగతా క్లబ్బులు కలలో కూడా చూడనంత. ఆ డబ్బుతో లోకల్‌గా బెస్ట్ ప్లేయర్లు అందరూ బేట్‌కే, వాళ్లతో మళ్లీ లీగ్ టైటిల్, టైటిల్‌తో మళ్లీ చాంపియన్ల రూట్, మళ్లీ డబ్బు. పదమూడు టైటిళ్ల వెనక మేనేజ్‌మెంట్ తెలివి ఎంతుందో ఈ చక్రం కూడా అంతే ఉంది. అభిమానులకి ఇది నచ్చదు గానీ నిజం ఇదే.

అలాగని మైదానంలో ఏం చేయలేదని కాదు. 2012 అక్టోబర్ 2న మిన్స్క్‌లో బాయర్న్ మ్యూనిక్‌ని 3-1తో కొట్టారు, పావ్‌లోవ్, రొదియోనోవ్, బ్రెస్సన్ తలా ఒకటి. అదే బాయర్న్ ఆ సీజన్ చివర్లో చాంపియన్స్ లీగ్ ఎత్తింది. అంతకుముందు మ్యాచ్‌లో లిల్‌ని వాళ్లింట్లో 3-1తో ఓడించారు కాబట్టి రెండు మ్యాచులయ్యాక ఆరు పాయింట్లతో గ్రూప్ టాప్‌లో బేట్! తర్వాత నాలుగూ ఓడిపోయారనుకోండి, అది వేరే విషయం. 2015లో కొత్త బోరిసోవ్ అరేనాలో రోమా మీద అరగంటలో 3-0 కొట్టి 3-2తో గెలిచారు. ఇంకో పక్క 2014లో ఉక్రెయిన్ టీం షాక్తార్ చేతిలో 7-0, ఒక్క లూయిజ్ అడ్రియానోనే ఐదు గోల్స్, ఆ గ్రూప్ మొత్తంలో 24 గోల్స్ తిని 2 కొట్టారు. ఐదు గ్రూప్ స్టేజులు, 30 మ్యాచులు, 4 విజయాలు, 7 డ్రాలు, 19 ఓటములు. లక్షన్నర జనం కూడా లేని ఊరి టీంకి ఇది గొప్పే, పెద్ద క్లబ్ అయిపోయిందనడానికి మాత్రం చాలదు.

చక్రం ఎక్కడ ఆగింది? నా ఉద్దేశంలో 2016 ఆగస్టులో. ఐర్లండ్ టీం డన్‌డాక్, అంతకుముందు ఏడాదే వీళ్లు దాటొచ్చిన టీం, ఈసారి డబ్లిన్‌లో 3-0తో కొట్టి బేట్‌ని ఇంటికి పంపింది. 2017లో స్లావియా ప్రాగ్, 2018లో పీఎస్‌వీ ఐండ్‌హోవన్ ఆపేశాయి. చాంపియన్స్ లీగ్ కింద ఉండే యూరోపా లీగ్ ఆడారు, అందులో కూడా డబ్బులొస్తాయి, కానీ చాంపియన్స్ లీగ్ డబ్బు ముందు అవి చిల్లర. పదమూడు టైటిళ్లలో చివరి మూడు పాత డబ్బు మీద, పాత ప్లేయర్ల మీద నెట్టుకొచ్చినవే అని నాకనిపిస్తుంది.

2018 సెప్టెంబర్‌లో కాప్‌స్కీ క్యాన్సర్‌తో చనిపోయాడు, వయసు 52. ఆ సీజన్ టైటిల్ వరసలో 13వది, ఆఖరిది. కొడుకు ఆంద్రేయ్ చైర్మన్ అయ్యాడు. 2019 ఫిబ్రవరి 14న స్టానిస్లావ్ ద్రాగున్ గోల్‌తో ఆర్సెనల్ మీద 1-0 గెలిచినప్పుడు అంతా బాగానే ఉందనిపించింది, వారం తర్వాత లండన్‌లో 3-0తో ఓడి బయటికొచ్చారు. ఆ ఏడాదే లీగ్ టైటిల్ డైనమో బ్రెస్ట్‌కి పోయింది. ఆ క్లబ్‌లో అప్పుడు డబ్బు ఎంత దంచుతున్నారంటే 2018లో డియెగో మారడోనాని తీసుకొచ్చి చైర్మన్ కుర్చీలో కూర్చోబెట్టారు, ఊళ్లో ఊరేగించారు కూడా. 2020లో, 2021లో షాక్త్యోర్ సొలిగోర్స్క్, వాళ్ల వెనక పొటాష్ ఎరువుల కంపెనీ బెలారుస్‌కాలీ. అర్థమైంది కదా, ఆ లీగ్‌లో ఎవడి చేతిలో డబ్బుంటే వాడిదే కప్పు. బేట్ ఇన్నేళ్లూ గెలిచింది కూడా ఆ లెక్క ప్రకారమే, తేడా ఏంటంటే బేట్ డబ్బు తను ఆడి సంపాదించుకుంది, మిగతావాళ్లది స్పాన్సర్ జేబులోది. నాకు బేట్ మీద గౌరవం పోనిది ఈ ఒక్క కారణానికే.

2020, 2021లో బెలారస్ కప్ రెండు సార్లు గెలిచారు, అది ఓదార్పు. యూరప్‌లో మాత్రం పరువు పోయింది. 2020లో సీఎస్‌కేఏ సోఫియా చేతిలో 2-0, 2021లో జార్జియా టీం డైనమో బటూమీ చేతిలో రెండు మ్యాచులూ కలిపి 5-1. గమనించండి, ఇదంతా ఆంక్షలకి ముందు. సొంత స్టేడియం ఉంది, ప్రేక్షకుల మీద నిషేధం లేదు, అయినా బటూమీతో ఆడటం చేతకాలేదు.

2022 మార్చిలో యూఈఎఫ్ఏ నిర్ణయం వచ్చింది, బెలారస్ క్లబ్బులు హోమ్ మ్యాచులు తటస్థ దేశంలో, ప్రేక్షకులు లేకుండా ఆడాలి. రష్యాలా పూర్తిగా బ్యాన్ చేయలేదు. వెంటనే టర్కీ టీం కోన్యాస్పోర్ చేతిలో 3-0, 2-0. ఆ ఏడాది లీగ్‌లో మూడో స్థానం, అయినా మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో పైనున్న షాక్త్యోర్, ఎనర్గెటిక్-బీజీయూ ఇరుక్కోవడంతో 2023లో చాంపియన్స్ లీగ్ క్వాలిఫైయింగ్ టికెట్ బేట్ చేతికే వచ్చి పడింది. అల్బేనియా టీం పార్టిజానీని దాటారు, తర్వాత సైప్రస్ టీం అరీస్ లిమసోల్ రెండు మ్యాచుల్లో కలిపి 11 గోల్స్ కొట్టింది, వీళ్లు 5 కొట్టారు. అక్కణ్నుంచి యూరోపా లీగ్‌కి దిగితే మొల్దోవా టీం షెరిఫ్ చేతిలో, ఇంకా కిందకి కాన్ఫరెన్స్ లీగ్‌కి దిగితే కొసోవో టీం బల్కానీ చేతిలో ఓటమి. ఒకే వేసవిలో మూడు టోర్నీల నుంచి బయటికి! పదకొండు గోల్స్ తినడానికి ఖాళీ స్టేడియం కారణం అని ఎవరైనా అంటే నేను నవ్వుతా.

అయితే ఆంక్షల వల్ల ఒక నష్టం జరిగిన మాట నిజం, అది స్కోర్లలో కనపడదు. బేట్ అసలు వ్యాపారం ప్లేయర్లని తయారుచేసి అమ్మడం, యూరోపియన్ రాత్రులు దానికి షోకేస్ లాంటివి. ఇప్పుడు ఆ షోకేస్‌కి లైట్లు తీసేశారు. ఒక కుర్రాడు లీగ్‌లో బాగా ఆడితే రష్యా క్లబ్బులు చూస్తాయి గానీ వెనకటిలా జర్మనీ నుంచో ఇటలీ నుంచో ఎవరొచ్చి చూస్తారు?

2023, 2024లో టైటిల్ మళ్లీ రాజధానికి, డైనమో మిన్స్క్‌కి పోయింది, 2004 తర్వాత వాళ్లకదే మొదటిసారి. 2024లో డైనమో కాన్ఫరెన్స్ లీగ్ మెయిన్ రౌండ్ దాకా వెళ్లి హోమ్ మ్యాచ్ అజర్‌బైజాన్‌లో ఖాళీ స్టేడియంలో ఆడుకుంది. అంటే ఆంక్షలున్నా ఆ మెట్టు దాకా ఎక్కొచ్చు, ఒక బెలారస్ టీం ఎక్కి చూపించింది. అది డైనమోకి సాధ్యమై బేట్‌కి ఎందుకు కాలేదో బోరిసోవ్‌లో ఆఫీస్ నడుపుతున్నవాళ్లు చెప్పాలి, యుద్ధం పేరు చెప్పి తప్పించుకుంటే కుదరదు. కాప్‌స్కీ మూడో డివిజన్‌లో మొదలుపెట్టినప్పుడు ఈ అరేనా లేదు, యూఈఎఫ్ఏ డబ్బూ లేదు, ఊళ్లో కుర్రాళ్లని పట్టుకునే కన్ను ఉండేది. ఇప్పుడు పదమూడు వేల మంది పట్టే స్టేడియం ఉంది, దాంట్లో ఆడించడానికి ఇంకో హ్లెబ్‌ని మాత్రం ఇంతవరకూ తయారుచేయలేకపోయారు.