భోగి శనగ

భోగిపళ్ళు పోయడమంటే మా రోజుల్లో పెద్ద పనేమీ కాదు. పిల్లవాణ్ణి పీట మీద కూర్చోబెట్టడం, రేగుపళ్ళు, చెరకుముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి దోసిళ్ళతో దిష్టి తీసి నెత్తిన పోయడం, హారతి ఇవ్వడం. అంతే. పోసిన వాటిలో సగం వీధి పిల్లలు ఏరుకుపోయేవారు, మిగతా సగం మేం నోట్లో వేసుకునేవాళ్ళం. ఇప్పుడు అదే పనికి ముందుగా ఇంట్లో ఒక సమావేశం జరగాలి.

మా మనవడికి ఇంకా మూడు నిండలేదు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వస్తూ మా కోడలు వాడి బట్టలతోపాటు ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. దాని లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన లెక్కలో ఒకటింపావు అంగుళం.

"మూడేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలను దీంతోనే పరీక్షిస్తారు మామయ్యగారూ. ఇందులో పట్టే వస్తువు ఏదైనా పిల్లల గొంతుకు అడ్డం పడవచ్చని అర్థం" అంది.

మా ఆవిడ పోపులడబ్బాలోంచి చిల్లర తీసుకొచ్చింది. రూపాయి పట్టింది. రెండు పట్టింది. ఐదు, పది కూడా గలగలమంటూ జారిపోయాయి. చివరికి మా ఆవిడ, తురుపుముక్క దించినట్టు, ఇరవై రూపాయల నాణెం దించింది. పన్నెండు పలకలది, మన చిల్లరలో అన్నిటికంటే విలువైనది. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లేనట. అదీ జారింది. రేగుపండు జారింది. చెరకుముక్క అయితే గొట్టం అంచుకు తగలనైనా తగలకుండా పోయింది.

"ఈ లెక్కన వాడి నెత్తిన బందరు లడ్డూలు పోయాలి" అని మా ఆవిడ పీట మీద చతికిలబడింది. "మీ ఆయనకు ఐదేళ్ళపాటు పోశాను. ఒక్క నాణెం మింగలేదు."

"మింగలేదో, మింగినా మీకు తెలియలేదో అత్తయ్యా."

ఇలాంటి మాటకు జవాబుండదు. మా అబ్బాయి ఎందుకో కడుపు తడుముకున్నాడు. నేను మధ్యవర్తిగా దిగి ఒప్పందం కుదిర్చాను. నాణేలు ఉండవచ్చు కానీ లెక్క ఉండాలి. ఎన్ని పోశామో అన్నీ వెంటనే ఏరాలి. లెక్క రాసే బాధ్యత ఒకటో తరగతి చదువుతున్న మా మనవరాలిది. రేగుపళ్ళు కూడా లెక్కలోకి వచ్చాయి. శనగల ప్రస్తావన ఎవరూ తేలేదు. అవి వంటింట్లో పెద్ద స్టీలు బేసినులో, పేరంటాళ్ళ వాయనాల కోసం, నీళ్ళలో ఉబ్బుతూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

సాయంత్రానికి హాలంతా పేరంటాళ్ళు. గోడవారన మెట్లు కట్టి బొమ్మలకొలువు పెట్టారు. కొండపల్లి ఏనుగు అంబారీ, దశావతారాలు, పెళ్ళివారి బ్యాండుమేళం, కింది మెట్టు మీద మా మనవడి పట్టుదల వల్ల చోటు సంపాదించుకున్న పసుపుపచ్చ జేసీబీ. వాడికి పట్టుపంచె కట్టి, సిల్కు చొక్కా తొడిగి పీట మీద కూర్చోబెట్టారు. మొదటి దోసిలి మా ఆవిడది. రేగుపండు ఒకటి కాలరులోంచి వీపు మీదికి జారింది. వాడు మెలికలు తిరిగి నవ్వాడు. బంతిరేకులు చెమటకు నుదుటి మీద అంటుకున్నాయి. ఇంకొకావిడ దోసిలి ఎత్తిందో లేదో మా కోడలు "నోరు! నోరు చూడండి!" అని కేక పెట్టింది. మా అబ్బాయి వాడి ఎదుట గొంతుక్కూర్చుని, వాడి నోటికి జానెడు దూరంలో అరచెయ్యి అడ్డం పెట్టి, వేడుక అయ్యేదాకా రెప్ప వెయ్యలేదు. ఫోటోలన్నిటిలోనూ పిల్లవాడి మొహం కనిపించదు. మా అబ్బాయి చెయ్యి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

హారతి అయింది. నాణేల లెక్క సరిపోయింది. రేగుపళ్ళు ఒకటి ఎక్కువే తేలాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు మా మనవడు లేచి వచ్చి నా మోకాలు పట్టుకుని, "తాతయ్యా, శనగ బజ్జుంది" అన్నాడు.

"బజ్జోనీ నాన్నా" అన్నాను. పండగపూట పిల్లలు సవాలక్ష అంటారు. వాడు వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళి అదే చెప్పాడు. "నిద్రొస్తోందా కన్నా?" అందావిడ. వాళ్ళ నాన్నకు చెప్పాడు. ఆయన సరిగ్గా విననే లేదు. చివరికి మా మనవరాలు లెక్కల పుస్తకం మూసి, పెద్దవాళ్ళ మీద జాలితో, "వాడు ముక్కులో శనగ పెట్టుకున్నాడు. నేను చూశాను. నన్ను నాణేలే లెక్కపెట్టమన్నారు కదా, అందుకని చెప్పలేదు" అంది.

హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది. వెంటనే అందరూ కలిసి మాట్లాడారు.

"ఏ ముక్కు నాన్నా?" అని మా కోడలు అడిగింది. వాడు కుడివైపు చూపించాడు. "నిజంగానా?" అంటే ఎడమవైపు చూపించాడు. "ఎన్ని శనగలు?" అంటే "పది" అన్నాడు. వాడికి అంకెలు పదిదాకా వచ్చు, అడిగినప్పుడల్లా ఆఖరిది చెబుతాడు. మా కోడలికి ఈ సంగతి తెలుసు. అయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మన ఇళ్ళల్లో రోగం పేరు పూర్తిగా చెప్పేలోపే మందు వస్తుంది. ముక్కుపొడుం పట్టిస్తే తుమ్ములో వచ్చేస్తుందని ఒకావిడ. మిరియాలపొడి అయితే మరీ మంచిదని ఇంకొకావిడ. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరచాలని మూడో ఫ్లాటావిడ. నాలుగో ఆవిడ మాటలతో ఆగలేదు, జడలోంచి పిన్ను తీసి వెలుతురులో పరీక్షగా చూసింది. మా ఆవిడ ఆ పిన్ను లాక్కుంది. కొబ్బరినూనె చుక్క వెయ్యాలా, వెచ్చటి నీళ్ళ చుక్కా అని ఇద్దరు వాదించుకున్నారు. ఈలోగా మెరూన్ పట్టుచీర కట్టుకున్నావిడ, తన ఆడపడుచు తోటికోడలి మనవడు చింతగింజ పెట్టుకున్న వైనం మొదలుపెట్టింది. ఆ గింజ చివరికి ఏమైందో తెలుసుకోవాలని నాకు చాలా ఉండేది కానీ, కథ ఇంకా ఆ కుర్రవాడి పుట్టువెంట్రుకల దగ్గరే నడుస్తోంది.

ఇంత గొడవలో నిబ్బరంగా ఉన్నది మా మనవడొక్కడే. నోటితో ఊపిరి పీలుస్తూ, జేసీబీతో బంతిరేకులు తవ్వుకుంటున్నాడు.

మా అబ్బాయికి తెలిసిన చెవి ముక్కు గొంతు డాక్టరు ఒకాయన ఉన్నాడు. పండక్కి సొంత ఊరు వెళ్ళాడు, భీమవరం అవతల. ఫోను ఎత్తాడు కానీ వెనక ఒకటే కోలాహలం. భోగి సాయంత్రం ఆ ప్రాంతంలో అది ఏం కోలాహలమని అడగడం మర్యాద కాదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "బటన్ బ్యాటరీ కాదుగా?" అని. గడియారాల్లో, ఆట బొమ్మల్లో ఉండే ఆ బిళ్ళ బ్యాటరీ అయితే గంటల్లోనే ముక్కు లోపల కాలి పుండు పడుతుందట. అలాంటప్పుడు ఫోను చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తాలన్నాడు. శనగే అని పదిమందీ సాక్ష్యం చెప్పాక ఆయన గొంతు కొంచెం నెమ్మదించింది. పిన్నులూ పుల్లలూ పెట్టవద్దు, లోపలికి పోతుంది. నీళ్ళు వెయ్యవద్దు, గింజ ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. ముక్కుపొడుం మాట ఎత్తగానే ఆయన మాట్లాడిన మాటలు మా అబ్బాయి పేరంటాళ్ళకు చేరవెయ్యలేదు.

"అమ్మ ముద్దు అని ఒక పద్ధతి ఉంది. అది చేసి చూడండి. రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. తల్లి తన నోటితో పిల్లవాడి నోరు గాలి పోకుండా మూసి, బాగున్న ముక్కు రంధ్రాన్ని వేలితో నొక్కిపెట్టి, ఒక్కసారి పొట్టిగా గట్టిగా ఊదాలి. ఆ గాలి వెనకనుంచి వెళ్ళి అడ్డున్నదాన్ని బయటికి తోస్తుంది.

మా అబ్బాయికి ఏ విషయమైనా ఫోనులో చదివితే తప్ప నమ్మకం కలగదు. అక్కడే నిలబడి పైకి చదివాడు. 1965లో న్యూజెర్సీ వైద్యుడొకాయన దీని గురించి మొదట రాశాడట. 2012లో కెనడా వైద్యపత్రిక ఒకటి అప్పటిదాకా వచ్చిన కేసులన్నీ పోగేసి చూస్తే, నూటికి అరవై మందికి పనిచేసిందట.

"మిగతా నలభై?" అంది మా ఆవిడ.

మా కోడలు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. తల్లి మొహం దగ్గరికి రావడం, ముక్కు పట్టుకోవడం చూసి వాడు పెదవులు బిగించేశాడు. బతిమాలాం. చాక్లెట్ చూపించాం. చివరికి వాడొక షరతు పెట్టాడు.

"ముందు తాతయ్యకి చెయ్యాలి. నానమ్మ చెయ్యాలి."

హాల్లో పేరంటాళ్ళు పదిహేనుమందికి తక్కువ లేరు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇతరుల ముందు మా ఆవిడ నా పక్కన సోఫాలోనైనా ఆనుకుని కూర్చోలేదు. పేరు పెట్టి పిలవదు, సరే. "ఏమండీ" కూడా పక్కగదిలోంచే అంటుంది. నేను ఆమె వంక చూశాను. ఆమె గోడ గడియారం వంక చూసింది. "ఛీ, పిల్లవాడి మాట పట్టుకుని" అంటుండగానే మా కోడలు "అత్తయ్యా, వాడి ప్రాణం" అంది. పేరంటాళ్ళందరికీ అకస్మాత్తుగా బొమ్మలకొలువు మీద ఎనలేని ఆసక్తి పుట్టింది. అందరూ అటు తిరిగి దశావతారాలను వరసగా పరిశీలించసాగారు. కూర్మావతారం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

మా ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని వచ్చి, నా ముక్కు పట్టుకుంది. కొత్తకాపురంలో కట్టెలపొయ్యి మీద ఊదుగొట్టంతో సాధించిన ఊపిరి అది, గ్యాసు వచ్చాక ఇన్నేళ్ళుగా వాడకం లేక దాచుకున్నది. రెండు చెవులూ ఫట్‌మన్నాయి. కళ్ళజోడు నుదుటి మీదికి ఎగిరింది. కొంతసేపు నాకు లోకమంతా బిందెలోంచి వినిపించింది.

మా మనవడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో నోరు తెరుచుకుంది. అదను చూసి మా కోడలు ఊదింది. ఏమీ రాలేదు. వాడు తిరిగి తల్లి నోట్లోకి ఊదాడు. ఇదేదో ఆట అని వాడికి బాగా నచ్చింది. మళ్ళీ ఊదింది.

ఠప్‌మని చప్పుడైంది. శనగ వచ్చింది. లేత గోధుమరంగు చార ఒకటి నా కళ్ళముందునుంచి దూసుకుపోవడం చూశాను. పేరంటాళ్ళు చప్పట్లు కొట్టారు. మా కోడలు ఏడ్చింది, నవ్వింది, వాణ్ణి ముద్దులతో ముంచెత్తింది. వాడు రెండు ముక్కులతోనూ గాలి పీల్చి "మళ్ళీ" అన్నాడు.

ఆ సంబరం సద్దుమణిగాక మా మనవరాలు అడిగింది, "ఇంతకీ శనగ ఎక్కడ పడింది?"

ఇందాక హాల్లో గొడవ విని మా ఆవిడ వంటింట్లోంచి వస్తూ వస్తూ చేతిలో ఉన్న బేసిను బల్ల మీద పెట్టింది. వాయనాల బేసిను. దాదాపు రెండు కేజీల శనగలు. నేలంతా వెతికాం, సోఫా కింద వెతికాం, జేసీబీ తొట్టిలో వెతికాం. ఎక్కడా లేదు. తర్వాత అందరం ఒకరి తర్వాత ఒకరం బేసినులోకి తొంగి చూశాం. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నీ ఉబ్బి ఉన్నాయి, అన్నీ తడిగా ఉన్నాయి.

"నాదే అది" అని మా మనవడు ఒకటి తీసి చూపించాడు. కాసేపాగి ఇంకొకటి తీసి, అదీ తనదే అన్నాడు.

పేరంటాళ్ళు ఎంతో మర్యాదస్థులు. ఒకావిడకు శనగలు పడవట. ఒకావిడకు చేతిసంచీ చిన్నదైపోయిందట. అందరూ తాంబూలం, అరటిపండు, జాకెట్టు గుడ్డ మాత్రం పుచ్చుకుని, చింతగింజ కథ మిగిలిపోయిన ఆవిడతో సహా, వెళ్ళిపోయారు. పారేద్దామన్నాడు మా అబ్బాయి. మా ఆవిడ వాడి వంక చూసిన చూపుకు, కెనడా పత్రిక ఏం రాసినా పనికిరాదు. "నాలుగుసార్లు కడిగి, నూనెలో వేయిస్తే ఇంకా ఏముంటుంది?" అంది.

కనుమ నాడు మా వియ్యంకుడూ వియ్యపురాలూ తెనాలి నుంచి భోజనానికి వచ్చారు. విస్తట్లో వేడివేడిగా శనగవడలు. మా వియ్యంకుడు ఆచారం తెలిసిన మనిషి. "కనుమ నాడు మినుము తినాలంటారు కదా బావగారూ, గారెలు లేవా?" అన్నాడు.

"ఈసారి శనగపంట బాగుంది" అన్నాను. అంతకంటే నాకేమీ తోచలేదు.

ఆయన ఒకటి తిన్నాడు. బాగుందన్నాడు. అల్లం బాగా పడిందన్నాడు. రెండోది తుంచి పచ్చడిలో అద్దుతుండగా మా మనవడు ఆయన పక్కకు జరిగి, చేతిమీద చెయ్యి వేసి, గొప్ప రహస్యం చెబుతున్నవాడిలా అన్నాడు.

"తాతయ్యా, ఇందులో నా శనగ ఉంది. ముక్కులోది."

మా కోడలు పెరుగు గిన్నె కోసమని వంటింట్లోకి పరుగెత్తింది. గిన్నె ఆమె ముందే ఉంది. మా ఆవిడ గడియారం వంక చూసింది. మా అబ్బాయి మొదట్నించీ పులిహోర మాత్రమే ఎందుకు తింటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. వియ్యపురాలు చెయ్యి విస్తరికి దూరంగా జరిపింది.

మా వియ్యంకుడు చేతిలోని ముక్కను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. వాణ్ణి చూశాడు. ముక్క నోట్లో వేసుకుని నింపాదిగా నమిలి మింగాడు.

"చెల్లెమ్మగారూ, ఇంకో రెండు వెయ్యండి" అన్నాడు. "అది మా వాటాకు వచ్చిందో లేదో మరి."