"పాత బండికి బ్రేకులు ఇంతే" అని ఇంకెవరూ నాతో అనకండి

ఇప్పుడే షెడ్డు నుంచి వచ్చాను, ఒళ్ళు మండిపోతోంది. మా పాత టాటా 407కి బ్రేకులు పట్టడం లేదని బండి ఇస్తే, అన్ని చక్రాలకూ కొత్త లైనర్లు (రాపిడితో చక్రాన్ని ఆపే పట్టీలు) వేసి, బిల్లు చేతిలో పెట్టి, "పాత బండి కదన్నా, బ్రేకులు ఇంతే ఉంటాయి" అన్నాడు మెకానిక్. తోతాపురి కాయ లోడుతో పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు పోవాల్సిన బండి అది. "ఇంతే" అంటే ఎంత? మలుపులో ఎదురుగా బస్సు వస్తే ఆ "ఇంతే" సరిపోతుందా?

పెడల్ రాయిలా ఉంది, తొక్కినా దిగడం లేదని ముందే చెప్పాను. పెడల్ బిగుసుకుంటే మొదట చూడాల్సింది బూస్టర్‌ని, అంటే మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించేదాన్ని. డీజిల్ బండిలో బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇవ్వడానికి, అంటే దాంట్లోని గాలిని లాగేయడానికి, వేరే పంపు ఉంటుంది. ఆ పంపు అరిగిపోయినా, గొట్టం పగిలినా లైనర్లు ఎన్ని మార్చి ఏం లాభం? ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదంటే బూస్టర్ పని చేయడం లేదు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష కూడా చేయలేదు.

లైనర్లు రాసుకునే డ్రమ్ములు సరిగా గుండ్రంగా ఉన్నాయో లేదో లేత్ మీద పెట్టి చూశాడా? లేదు. చక్రం మధ్యలోని నూనె బయటికి రాకుండా ఆపే హబ్ ఆయిల్ సీల్ కారుతుంటే కొత్త లైనర్ కూడా నూనెలో నానిపోతుంది. అదీ చూడలేదు. పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేక్ ఆయిల్ సంగతి అడిగితే "ఉంది కదన్నా" అన్నాడు. ఉంటే చాలదయ్యా! అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పడితే 140కే మరిగిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాలి ఆయిల్ మరిగిందంటే ఆవిరి బుడగలొచ్చి పెడల్ నేలకు తగులుతుంది. అప్పుడు దేవుణ్ణి తలుచుకోవాలి.

దీనికి తోడు డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజన్ ఆపి బండి దింపే డ్రైవర్లు! ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. ఒకటి రెండుసార్లు తొక్కాక బూస్టర్ సాయం ఉండదు. ఆ మిగిలే డీజిల్ ఎన్ని రూపాయలది?

అయినా 407కి బ్రేకులంటూ ఉన్నాయి. చెరకు ట్రాలీల సంగతేంటి? టన్నుల కొద్దీ చెరకు వేసుకొని రోడ్డెక్కే ఆ ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకే లేదు. మా వైపు ట్రాక్టర్లలో ఎక్కువవాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగుడులో తొక్కితే వెనకున్న ట్రాలీ ట్రాక్టర్‌నే పక్కకు నెట్టేస్తుంది. పొలంలో తిప్పడానికి వీలుగా ఎడమ, కుడి పెడళ్ళు విడివిడిగా ఉంటాయి, రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి లాక్ వేయాలి. వేసేవాళ్ళు ఎంతమంది? ఒక్కదాన్నే తొక్కారా, బండి అడ్డం తిరుగుతుంది. ట్రాలీ చేయించేటప్పుడు రంగులకూ పేర్లకూ వేలు పోస్తారు. బ్రేకు పెట్టించమంటే మాత్రం "ట్రాలీకి బ్రేకేంది" అని నవ్వుతారు. రాత్రిపూట ఆ లోడు వెనకే బైకు మీద మన పిల్లలు వస్తుంటారు.

మీ ఊళ్ళో బ్రేకులున్న ట్రాలీ ఒక్కటైనా ఉంటే, ఎవరు బిగించారో, ఎంతయిందో కింద రాయండి.