టార్చర్ అంటే మెలిపెట్టడమే

సార్, 'టార్చర్' అనే ఇంగ్లిష్ మాటకి చిత్రహింస సరైన తెలుగని మీరు రాశారు, బాగుంది. కానీ మాట పుట్టుక చెప్పకుండా వదిలేశారే! లాటిన్‌లో 'టార్క్వేరే' అంటే మెలితిప్పడం. మెకానిక్ షెడ్డులో వినబడే 'టార్క్' (తిప్పే బలం) కూడా అక్కడిదే.

కావలిలో మా అవ్వ చివరి రోజుల్లో మంచంపట్టె పట్టుకుని "కడుపులో మెలిపెడతా ఉండాది అబ్బయా" అనేది, తడిగుడ్డ పిండినట్టు చేత్తో తిప్పి చూపిస్తా. లాటిన్ ఎరగని మనిషి, అదే పోలిక!

అందుకే ట్రాఫిక్‌నీ, హోంవర్క్‌నీ టార్చర్ అంటుంటే నాకు మనసొప్పదు. లాకప్పుల్లో దెబ్బలు తిన్నవాళ్లకి ఇంక ఏ మాట మిగులుతుంది? చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి 1984లో తెచ్చిన ఒప్పందంపై మన దేశం 1997లో సంతకం చేసింది, కానీ ధ్రువీకరించనే లేదు, అంటే దానికి కట్టుబడతానని ఖాయం చేయలేదు. దాని గురించి కూడా రాయండి సార్.