పార్కింగ్ మ్యాప్ పంపింది నేనే

ఇక్కడ టెక్సస్‌లో మన ఉగాది వేడుక సాయంత్రం హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో జరిగినదాని మీద మన తెలుగువాళ్ల గ్రూపులో ఇప్పటికే నాలుగైదు కథలు తిరిగాయి. పార్కింగ్ కమిటీలో ఉన్నవాణ్ణి కాబట్టి నేను చూసింది చెబుతాను. వెస్ట్ వేసుకుని కార్లకు దారి చూపిస్తున్న పదిహేనేళ్ల కుర్రాడి మీదికి ఒక ఎస్‌యూవీ వచ్చింది. వాడు పక్కకు దూకాడు. వాడి ముందున్న కోన్ మాత్రం బంపర్ కింద ఇరుక్కుని గేటు దాకా ఈడ్చుకుపోయింది. దిగినాయన మంచి మనిషే. చేతిలో ఫోన్ అలాగే ఉంది. అందులో నేను 5:40కి గ్రూపులో పెట్టిన పార్కింగ్ మ్యాప్. 'వెనక గేటు నుంచి రండి' అని, కింద మూడు నమస్కారాల బొమ్మలు.

'ఏం కాలేదు కదా, పండగ పూట వదిలేయండి' అన్నారు పెద్దలు. కుర్రాడి చేతిలో విజిల్ ఇంకా వణుకుతోంది. లోపల పంచాంగ శ్రవణం మొదలైంది. ఈ ఏడాది ఏ రాశికి వాహన గండం ఉందో విందామని నేనూ వెళ్లిపోయాను. సిగ్గుగా ఉంది కానీ, వెళ్లాను.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. మా అమ్మాయి పేరెంట్-టాట్ కోర్సులో, అంటే కన్నవాళ్లే డ్రైవింగ్ నేర్పే పద్ధతిలో ఉంది. పిల్లలకు నేర్పేవాళ్లకు ఆ లెక్క తెలిసిందే: 7 గంటలు నేర్పాలి, 7 గంటలు పక్కన కూర్చోబెట్టి చూపించాలి, ఆపైన 30 గంటల ప్రాక్టీస్, అందులో 10 రాత్రిపూట. రాత్రి గంటలు నాలుగే అయ్యాయి. మిగతా ఆరూ ఒక ఆదివారం కాఫీ తాగుతూ, గంటలు రాసే లాగ్ కాగితంలో ఒకే పెన్నుతో, వేర్వేరు తేదీలు వేసి నింపేశాను. పిల్ల ఆ కాగితం చూసి, 'ఈ తేదీన నీకు ఆఫీసులో రిలీజ్ ఉంది నాన్నా. రాత్రంతా కాల్‌లోనే ఉన్నావు' అంది. టెస్టుకు ముందు చూడాల్సిన, ధ్యాస తప్పిన డ్రైవింగ్ ప్రమాదాల మీద తీసిన ఇంపాక్ట్ టెక్సస్ వీడియో రెండు గంటలూ చూసిన పిల్ల అది. నేనేమో ఎనిమిది వేసి లైసెన్స్ తెచ్చుకున్నవాణ్ణి.

మనవాళ్లకు నడపడం రాదనను. బెజవాడ బెంజి సర్కిల్‌లో బండి నడిపినవాడు కళ్లు పక్కకు తిప్పడు. ఎటునుంచి ఏ ఆటో దూరుతుందో తెలీదు. ఆ భయమే మనకు బడి. ఇక్కడ గీతలు గీసిన రోడ్డు, క్రూజ్ కంట్రోల్ వచ్చేసరికి ఆ భయం పోయింది, చేతికి ఫోన్ వచ్చింది. కొత్త కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించి, డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కనే ఫోన్ స్టాండ్ బిగిస్తాం.

ఫోన్ లేకుండా కుదరదన్నది నిజమే. ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకు బయల్దేరితే ఇండియాలో సాయంత్రం ఆరున్నర, అమ్మ దీపం పెట్టి కూర్చునే వేళ. ఆ అరగంటే ఆవిడతో మాట్లాడే టైమ్. దాన్ని వదులుకోమని ఏ నోటితో చెప్పను? కానీ 'దారిలో ఉన్నావా? పెట్టేయ్ నాన్నా' అని మొదట అనేది ఆవిడే.

టెక్సస్‌లో 2017 సెప్టెంబర్ 1 నుంచి నడుపుతూ మెసేజ్ చదవడం, రాయడం నేరం. బండి ఆగి ఉంటే పర్వాలేదు. ఆ సందులోంచే అందరం దూరతాం. సిగ్నల్ దగ్గర మొదలుపెట్టిన జవాబు గ్రీన్ పడ్డాక పూర్తి చేస్తాం. 55 మైళ్ల వేగంలో ఐదు సెకన్లు ఫోన్ చూస్తే కారు చూడకుండానే 400 అడుగులు వెళ్లిపోతుంది. 2023లో ఇలా ధ్యాస తప్పిన డ్రైవింగ్ వల్ల అమెరికాలో 3,275 మంది పోయారని ఫెడరల్ లెక్క.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. గేటు నంబరు, మ్యాప్ ముందురోజే పంపేద్దాం. కార్యక్రమానికి గంట ముందు నుంచి గ్రూపు మూసేద్దాం. దద్దోజనం అయిపోయిందని దారిలో ఉన్నవాళ్లకు తెలియకపోతే కొంపలేం మునగవు.

లాగ్‌లో ఆ ఆరు తేదీలూ కొట్టేశాం. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి మొదటి గంట, టోల్‌వే మీద. నా ఫోన్ డిక్కీలో ఉంటుంది. వనభోజనాల పులిహోర లెక్క ఎవరికైనా కావాలంటే పదింటి తర్వాత అడగండి.