పాత పరుపుకు దిక్కెవరు?

హైదరాబాదులో పాత పరుపును వదిలించుకోదలచిన గృహస్థులకు ముందుగా నా ప్రగాఢ సానుభూతి. ‘పాతది ఇవ్వండి, కొత్తదానిపై తగ్గింపు పొందండి’ అని దుకాణానికి బ్యానరు కట్టిన మహానుభావులు, డబ్బు చేతిలో పడ్డాక, ‘పాతది తీసుకెళ్లమని మాకు చెప్పలేదు సార్’ అని డెలివరీ కుర్రాళ్ల చేత పలికిస్తారు. పాత సామాన్లవాడు పరుపును చూడగానే బండి వేగం పెంచుతాడు, బతిమాలితే ఎదురు డబ్బు అడుగుతాడు. చెత్త ఆటోకు తడి, పొడి అనే భేదం తెలుసు గాని, ఆరడుగుల పొడి చెత్త అందులో పట్టదు.

వెనకటి దూది పరుపుకు ఈ దుర్గతి లేదు. దూదేకేవారు వచ్చి, దాన్ని విప్పి ఏకి, అదే దూదిని కొత్త గుడ్డలో కుట్టి ఇచ్చేవారు. ఇప్పటి పరుపులో ఫోము, కొబ్బరి పీచు, జిగురు, స్ప్రింగులు ఒకదానినొకటి వదలవు.

ఇక ప్రభుత్వ దూరదృష్టిని చూడండి. 2022 నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగుకు తయారీదారు బాధ్యత వహించాలి. అంటే పరుపుకు చుట్టిన కవరుకు దిక్కుంది, పరుపుకు లేదు. కాలిఫోర్నియా 2013లోనే చట్టం చేసి, కొత్త పరుపు కొన్నప్పుడే రీసైక్లింగు రుసుము వసూలుచేసే ఏర్పాటు చేసుకుంది. అమెరికా మెమరీ ఫోము మన పడకగదుల దాకా వచ్చింది గాని, ఆ ఏర్పాటు రాలేదు.

కనుక మన అపార్ట్‌మెంట్లు స్వయంకృషిని నమ్ముకున్నాయి. అర్ధరాత్రి వేళ ఇద్దరు పెద్దమనుషులు, లిఫ్టులో పట్టని పరుపును మెట్ల మలుపుల్లో మడిచి, తోసి, గోడల సున్నమంతా దానికి పూసి కిందికి దించి, ఎదుటి అపార్ట్‌మెంటు ప్రహరీకి ఆనించి, వాహ్యాళికి వచ్చినట్టు చేతులూపుకుంటూ తిరిగి వెళతారు. తెల్లవారగానే అక్కడి సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమై, సీసీ కెమెరా దృశ్యాలు తిలకించి, పరుపు మీది మరకలను బట్టి యజమాని వంశాన్ని నిర్ధారించబోయి విఫలమై, ఆ రాత్రికే దాన్ని పక్కవీధి ఖాళీ స్థలానికి సాగనంపుతుంది. స్థలం యజమాని దాన్ని నాలాలోకి నెట్టిస్తాడు. నాలాకు సంక్షేమ సంఘం లేదు కనుక అభ్యంతరం చెప్పేవారుండరు.

వీధిలో గాని కాలువలో గాని చెత్త వేయరాదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు స్పష్టంగానే చెప్పాయి. అయినా వానలకు ముందు పూడిక తీసేటప్పుడు, మురుగు పీల్చి బరువెక్కిన ఆ పరుపును లాగవలసింది దినకూలీకి వచ్చిన మనిషే. ఏళ్ల తరబడి దానిమీద హాయిగా నిద్రపోయినవాడికి సిగ్గులేదు, అమ్ముకుని చేతులు దులుపుకున్న కంపెనీకి అంతకన్నా లేదు. వీధి మునిగాక బాల్కనీలో నిలబడి వీడియో తీస్తూ కార్పొరేషనును తిట్టేది కూడా ఈ పెద్దమనుషులే!

వార్డుకు నెలకొకసారి ఒక లారీ పంపండి. దాని ఖర్చును కొత్త పరుపు బిల్లులోనే కలిపి కంపెనీల చేత కట్టించండి. అదే బిల్లులో జీఎస్టీని పైసలతో సహా లెక్కగట్టి రాబట్టగలిగిన ప్రభుత్వాలకు ఇదొక్కటే చేతకాదంటే ఎవరు నమ్ముతారు?